చిన్న తరగతుల టీచర్ అవుతారా? ముందు ‘రైలుబడి’కి వెళ్లిరండి!

డీఈఎల్‌ఈడీ పూర్తి చేశారు. టెట్ రాశారు. డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఈలోగా ఖాళీగా కూర్చోవడం ఎందుకని రెజ్యూమె పట్టుకుని ఊళ్లోని ప్రైవేటు స్కూలుకు వెళ్లారు. ‘రేపొచ్చి డెమో ఇవ్వండి’ అన్నారు. మూడో తరగతి, లెక్కలు, తీసివేతలు. ఇరవై నిమిషాలు బోర్డు మీద చక్కగా చెప్పారు. చివర్లో వచ్చే ప్రశ్న మాత్రం చాలాచోట్ల ఒకటే... ‘క్లాసు కంట్రోల్ చేయగలరా?’

చేయగలనంటారు. ఉద్యోగమూ వస్తుంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే తెలిసిపోతుంది, తీసివేతలు అసలు సమస్యే కాదని. ఒక పిల్లాడు పెన్సిల్ పోయిందని అరగంట నుంచి వెక్కుతూనే ఉంటాడు. ఒకమ్మాయికి జవాబు తెలుసు, నోరు మాత్రం విప్పదు. ఇంకొకడు పక్కవాడి నోట్సు లాగి దాచేస్తాడు. ఎందుకంటే నవ్వుతాడు. ఆ పూట వీళ్లెవరికీ లెక్క బుర్రకెక్కదు. అలాగని లెక్క వదిలేసి బుజ్జగిస్తూ కూర్చుంటే నెలాఖరుకు సిలబస్ కాలేదని పిలుపొస్తుంది.

చదువు, మనసు... రెంటినీ కలిపి నడిపించడం ఎలా? ఇప్పుడు ఏ స్కూలు కరపత్రం చూసినా ‘భావోద్వేగ వికాసం’ అన్న మాట ఉంటోంది. టైమ్‌టేబుల్‌లో శనివారం చివరి గంట ‘లైఫ్ స్కిల్స్’కు రాసిపెడతారు. యూనిట్ టెస్టులు దగ్గర పడగానే ఆ గంట లెక్కల టీచర్‌కు వెళ్లిపోతుంది, అది వేరే సంగతి. మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం: ఈ పని వేరే పీరియడ్‌లో జరిగేది కాదు. పిల్లాడు తప్పు చేసినప్పుడు మీరు ఏం చేశారు, ఏ మాటన్నారు, ఎవరి ముందు అన్నారు అన్నదాంట్లో జరుగుతుంది. ఇది బాగా అర్థం కావాలంటే మీరు జపాన్‌లోని ఒక చిన్న ప్రైవేటు ప్రాథమిక పాఠశాలను చూడాలి. ఇప్పుడది లేదు. కానీ దాని కథ మాత్రం ‘రైలుబడి’ పేరుతో తెలుగులోకీ వచ్చింది.

ఆరు బోగీలు, యాభై మంది పిల్లలు

తోమోయే గకుయెన్. టోక్యోలోని జియుగవోకా ప్రాంతంలో సోసాకు కొబయాషి అనే సంగీత ఉపాధ్యాయుడు 1937లో పెట్టిన బడి. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదువుకునేవారు. తరగతి గదులు పాత రైలు బోగీలు. మొత్తం పిల్లలు యాభై మంది దాకా. కొబయాషి యూరప్ వెళ్లి, సంగీతాన్ని శరీర కదలికల ద్వారా నేర్పే ‘యూరిథ్మిక్స్’ను దాని రూపకర్త ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ దగ్గర నేర్చుకుని వచ్చారు.

ఈ బడి గురించి ప్రపంచానికి తెలిసింది అక్కడ చదువుకున్న ఒక అమ్మాయి వల్ల. ఆమె తెత్సుకో కురొయనగి. చిన్నప్పటి ముద్దుపేరు తొత్తోచాన్. ఒకటో తరగతిలోనే మొదటి బడి నుంచి పంపించేశారు. డెస్కు మూత పదేపదే తీసి వేస్తోందని, కిటికీ దగ్గర నిలబడి వీధిలో వెళ్లే వాద్యగాళ్లను పిలుస్తోందని ఫిర్యాదులు. మన బడుల్లో అయితే ‘అమ్మా, మీ పాపకు వేరే స్కూల్ చూసుకోండి’ అనే కేసు. ఆ పాపే పెద్దయ్యాక జపాన్ టీవీలో 1976 నుంచి నడుస్తున్న ఇంటర్వ్యూల కార్యక్రమానికి వ్యాఖ్యాత అయ్యారు. 1984లో యునిసెఫ్ గుడ్‌విల్ అంబాసిడర్ అయ్యారు. 1981లో తన బడి గురించి ఆమె రాసిన పుస్తకమే తెలుగులో ‘రైలుబడి’.

టీచర్ శిక్షణలో ఉన్నవాళ్లలో ఈ పుస్తకం పేరు వినని వాళ్లు తక్కువే. అయితే చాలామంది దీన్ని ‘స్వేచ్ఛ ఇచ్చిన బడి కథ’ అని చదివి ఊరుకుంటారు. ఒకసారి టీచర్ కళ్లతో చదవండి. పిల్లలు ఏం చేశారో కాదు, ప్రధానోపాధ్యాయుడు ఏం చేశాడో, ఏం చేయకుండా ఆగాడో గమనిస్తూ చదవండి. అప్పుడది ఉద్యోగానికి పనికొచ్చే పుస్తకం అవుతుంది.

నాలుగు గంటల అడ్మిషన్

బడిలో చేరే రోజున కొబయాషి తల్లిని బయటికి పంపి, కుర్చీ ఆ పాప ముందుకు జరుపుకుని కూర్చుని, నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పమన్నారు. ఆమె చెబుతూనే ఉంది. వచ్చిన రైలు గురించి, పాత బడి గురించి, ఇంట్లో కుక్క గురించి, వేసుకున్న గౌను గురించి. నాలుగు గంటలు. ఆయన ఆవులించలేదు, గడియారం చూసుకోలేదు. మాటలన్నీ అయిపోయాక ఈ రోజు నుంచి నువ్వు మా విద్యార్థినివేనని చెప్పారు. ఆయన ఒక్క అక్షరం చదివించలేదు, ఒక్క రంగు పేరు అడగలేదు.

మన దగ్గర నాలుగేళ్ల పిల్లాడిని కూర్చోబెట్టి ఏ ఫర్ యాపిల్ చెప్పించే స్కూళ్లు ఇంకా ఉన్నాయి. మీరు ఏదో ఒక మార్చి నెలలో ఆ బల్లకు ఇవతలి వైపు కూర్చోవాల్సి రావచ్చు, కాబట్టి తెలుసుకోండి. విద్యాహక్కు చట్టం-2009లోని 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశం ఇచ్చేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. మొదటిసారి ఉల్లంఘిస్తే రూ.25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50 వేల వరకు జరిమానా ఉంటుంది.

నాలుగు గంటలు మీకెవరూ ఇవ్వరు. నిజమే. కానీ జూన్ మొదటి రెండు వారాల్లో రోజుకు ముగ్గురు పిల్లలతో, ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు, పుస్తకం ఊసెత్తకుండా మాట్లాడగలరు. ముప్పై మంది ఉన్న తరగతి పది పనిదినాల్లో పూర్తవుతుంది. ఇంటి దగ్గర ఎవరుంటారు, పొద్దున్నే ఎవరు జడ వేస్తారు, ఆటోలో పక్కన ఎవరు కూర్చుంటారు... ఇవే ప్రశ్నలు. పెన్సిల్ పోయినవాడు అరగంట ఎందుకు ఏడ్చాడో మీకు సెప్టెంబరులో కాకుండా జూన్‌లోనే తెలుస్తుంది. ఆ పెన్సిల్ నిన్ననే ఊరెళ్లిన నాన్న కొనిచ్చింది అయి ఉండొచ్చు.

చదువు గాలికి వదిలేశారా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. తోమోయేలో పిల్లలు ఇష్టం వచ్చినట్టు ఆడుకునేవారనీ, చదువు లేదనీ అనుకుంటారు. కాదు. ఉదయాన్నే టీచర్ ఆ రోజు చేయాల్సిన పాఠాలన్నీ, ప్రశ్నలన్నీ బోర్డు మీద రాసేసేవారు. ఏది ముందు చేయాలన్నది మాత్రం పిల్లల ఇష్టం. ఒకరు వ్యాసం రాస్తుంటే వెనక ఇంకొకరు స్పిరిట్ ల్యాంపు వెలిగించి ఏదో మరిగిస్తుండేవారు. సాయంత్రానికి మాత్రం అన్నీ పూర్తి కావాల్సిందే. ఉదయమే పని అయిపోతే మధ్యాహ్నం నడకకు వెళ్లేవారు. ఆ నడకలోనే దారి పక్కన ఆవపూల దగ్గర ఆగి కేసరాలు, అండకోశం, సీతాకోకచిలుకలు చేసే పని గురించి చెప్పేవారు. పిల్లలకు అది షికారు, టీచర్‌కు సైన్సు పీరియడ్. పొలం పని నేర్పడానికి పక్కనున్న రైతును పిలిపించి, ఆయన కూడా మీ టీచరేనని పరిచయం చేశారు.

ఈ ఏర్పాటు వల్ల పిల్లలకు ఎంత లాభమో టీచర్‌కూ అంతే. ఏ పిల్ల ఏ సబ్జెక్టు వైపు ముందు పరిగెడుతోంది, దేన్ని చివరిదాకా నెట్టేస్తోంది అన్నది రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది. అది యూనిట్ టెస్టు మార్కుల్లో దొరకని సమాచారం. స్పిరిట్ ల్యాంపు వైపు పరిగెత్తే పిల్లల్లో ఒకడైన తైజీ యమనవుచి తర్వాత భౌతిక శాస్త్రవేత్త అయ్యి, అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో పెద్ద బాధ్యతల్లో పనిచేశారు.

మీ స్కూల్లో నలభై నిమిషాలకోసారి గంట కొడతారు. బోర్డు మొత్తం పిల్లలకు అప్పగించడం కుదరదు. కానీ ప్రాథమిక తరగతుల్లో ఒకే టీచర్‌కు రెండు మూడు సబ్జెక్టులు వస్తాయి కదా. చివరి గంటలో మూడు పనులు రాసి, వరస మీరే నిర్ణయించుకోండని అనొచ్చు. దానికి ఏ ప్రిన్సిపలూ అడ్డు చెప్పరు. మొదటి వారం గోల గోలగా ఉంటుంది. రెండో వారం నుంచి మీరే ఆశ్చర్యపోతారు.

ఇంకా పెద్ద ఎత్తున ఎలా చేయొచ్చో చూడాలంటే జపాన్ దాకా కూడా పోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ ఉంది. అక్కడి గ్రామీణ విద్యా విభాగం 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక విధానం తయారు చేసింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ఒక నిచ్చెనలా పేర్చి, ప్రతి పిల్లా తన మెట్టు మీద తాను ఉండేలా చేశారు. పిల్లలే తమ కార్డు వెతికి తెచ్చుకుంటారు. కొందరు టీచర్ దగ్గర, కొందరు తోటి పిల్లల సాయంతో, కొందరు సొంతంగా పని చేసుకుంటారు. నాలుగు రోజులు జ్వరమొచ్చి బడికి రాని పిల్ల అయిదో రోజు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. వెనకబడ్డాననే సిగ్గు లేదు. కర్ణాటకలో ‘నలి కలి’, తమిళనాడులో కార్యకలాపాల ఆధారిత బోధన ఈ నమూనా నుంచి ప్రేరణ పొందినవే. సిగ్గు పడాల్సిన అవసరం లేకుండా చేయడం కూడా బోధన పద్ధతిలో భాగమేనని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

సముద్రం, కొండ

తోమోయేలో మధ్యాహ్న భోజనానికి ఒకే నిబంధన ఉండేది. డబ్బాలో సముద్రం నుంచి వచ్చింది కొంచెం, కొండ మీద నుంచి వచ్చింది కొంచెం ఉండాలి. అంటే చేపో నాచో ఒకటి, కూరగాయో మాంసమో ఒకటి. ఖరీదైనవి పెట్టమనీ, ఫలానా పోషకాలు ఉండాలనీ లేదు. ప్రధానోపాధ్యాయుడు ఒక్కో డబ్బాలోకీ తొంగి చూసేవారు. ఏదైనా తక్కువైతే వెనకాలే రెండు గిన్నెలతో వచ్చే ఆయన భార్య గరిటెతో వడ్డించేసేవారు. సముద్రం గిన్నె ఒకటి, కొండ గిన్నె ఒకటి. ఎవరింట్లో ఏం లేదో ఎవరికీ తెలిసేది కాదు.

మన దగ్గర లంచ్ బెల్ కొట్టాక తరగతిలో ఒక్కసారి కూర్చుని చూడండి. ఒకడి డబ్బాలో ఫ్రైడ్ రైస్, ఒకడి డబ్బాలో నిన్నటి పచ్చడి మెతుకులు. పచ్చడివాడు మూత సగమే తీసి తింటాడు. ఆ సగం మూత చాలా చెబుతుంది. దాని మీద ‘పంచుకుని తినడం’ అంటూ నీతి పాఠం చెప్పారంటే వాడు రేపటి నుంచి డబ్బా తెరవనే తెరవడు. మీరు కూడా మీ డబ్బా తెచ్చుకుని వాళ్లతో కూర్చుని, వాడి పచ్చడి ఒక ముద్ద అడిగి తినండి. అంతే.

తొట్టి దగ్గర మౌనం

ఒకరోజు తొత్తోచాన్ తనకెంతో ఇష్టమైన పర్సును మరుగుదొడ్డి గుంటలో పడేసుకుంది. పొడవాటి కర్ర గరిటె తెచ్చి గుంటలోనిదంతా తోడి బయట కుప్ప పోయడం మొదలుపెట్టింది. అటుగా వెళ్తున్న కొబయాషి ఏం చేస్తున్నావని అడిగారు. పర్సు వెతుకుతున్నానంది. సరేనని వెళ్లిపోయారు. కాసేపటికి మళ్లీ వచ్చి దొరికిందా అన్నారు. లేదంది. పని అయ్యాక ఇదంతా తిరిగి లోపల వేస్తావు కదా అని మాత్రం అని మళ్లీ వెళ్లిపోయారు. తిట్టలేదు, సాయానికి మనిషినీ పిలవలేదు. ఆమె ఇక చాలనుకునేదాకా వెతికింది, పర్సు దొరకలేదు. తోడినదంతా లోపల వేసింది. తానే వెతికింది కాబట్టి తృప్తిగానే ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గుంటలోకి వంగి చూడలేదు.

ఇప్పటి ప్రైవేటు స్కూల్లో ఇలా జరిగితే సీసీ కెమెరా ఫుటేజీ, ఆరోగ్య భద్రత, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు... మీరు గుంట దగ్గరికి పిల్లను వెళ్లనివ్వకూడదు కూడా. ఘటనను కాదు, లోపలున్న సూత్రాన్ని పట్టుకోండి. రంగునీళ్ల గ్లాసు ఒలికింది. మీరు అరవొచ్చు, ఆయాను పిలవొచ్చు, లేదా గుడ్డ ఎక్కడుందో చూపించి మీ పని మీరు చూసుకోవచ్చు. మూడోది కష్టం. ఆయాను పిలిస్తే నిమిషంలో అయిపోతుంది. పిల్ల తుడిస్తే ఎనిమిది నిమిషాలు పట్టొచ్చు. కాకపోతే రేపు గ్లాసు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుస్తుంది.

వంటగదిలో మందలింపు

ఇక మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన సంఘటన. తోమోయేలో తకహషి అనే అబ్బాయి ఉండేవాడు. చేతులు కాళ్లు పొట్టిగా ఉండి, ఎదుగుదల ఆగిపోయిన పిల్లాడు. కొబయాషి ఆటల పోటీల్లో మామూలు పరుగు పందేలకు బదులు కొత్త ఆటలు పెట్టారు. వెడల్పు తక్కువ మెట్లు ఎక్కడం, గుడ్డతో చేసిన పెద్ద చేపబొమ్మలోంచి దూరి బయటికి రావడం లాంటివి. వాటిల్లో పొట్టి కాళ్లవాడికే సులువు. ప్రతి ఆటలోనూ తకహషే మొదటివాడు. నీ కోసమే పెట్టానని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. బహుమతులేమో ముల్లంగి, పాలకూర లాంటి కూరగాయలు!

అదే బడిలో ఒకరోజు క్లాస్ టీచర్, మంచి టీచరే, మనిషికి ఒకప్పుడు తోక ఉండేదనే పాఠం చెబుతూ సరదాకి తకహషిని, నీకింకా తోక ఉందేమో అన్నట్టుగా అడిగింది. అందరూ నవ్వారు. ఆ పిల్లాడు కంగారుగా లేదన్నాడు. ఈ సంగతి కొబయాషికి తెలిసింది. బడి అయ్యాక ఆ టీచర్‌ను వంటగదిలో నిలబెట్టి గట్టిగా మందలించారు. ఆ పిల్లాడికి తోక అన్న మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించావా అన్నది ఆయన కోపం. టీచర్ ఏడుస్తూ తప్పు ఒప్పుకుంది. ఇదంతా తలుపు ఇవతల తొత్తోచాన్ విన్నది. స్టాఫ్ రూమ్‌లో మిగతా టీచర్ల ముందు అనకుండా, ఎవరూ లేని వంటగదిలో ఎందుకన్నారో ఆమెకు పెద్దయ్యాక అర్థమైందట.

ఒకే సంఘటనలో రెండు పాఠాలున్నాయి. పిల్లాడి శరీరం, రంగు, ఊరు, ఇంటిపేరు, నాన్న పని... వీటి మీద టీచర్ జోకు వేయకూడదు. తరగతి నవ్వింది కదా అని అది సరదా కాదు. ‘మొద్దబ్బాయ్’, ‘నల్ల పిల్ల’, ‘వీడింతేరా’... మనం పిల్లలుగా ఉన్నప్పుడు పడ్డవే, అందుకే అలవాటుగా నోటికొచ్చేస్తాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని మాత్రమే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. రెండో పాఠం యాజమాన్యాలకు. పిల్లల మర్యాద కాపాడాలనుకునే బడి ముందు టీచర్ మర్యాద కాపాడాలి. స్టాఫ్ మీటింగులో పదిమంది ముందు తిట్లు తిన్న మనిషి, గంట కొట్టగానే తరగతికి వెళ్లి పిల్లలతో మృదువుగా మాట్లాడాలంటే ఎంత కష్టమో ఆ కుర్చీలో ఉన్నవాళ్లు ఆలోచించరు.

మార్కులు తగ్గవా?

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు, వేలకు వేలు ఫీజు కడుతున్నారు. మీ దగ్గర జవాబు ఉండాలి. 2011లో ‘చైల్డ్ డెవలప్‌మెంట్’ అనే పరిశోధన పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. బడుల్లో నడిచిన 213 సామాజిక, భావోద్వేగ శిక్షణ కార్యక్రమాలను, అంటే దాదాపు 2.70 లక్షల మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూశారు. అలాంటి శిక్షణ ఉన్న పిల్లలు చదువులో సగటున 11 పర్సంటైల్ పాయింట్లు మెరుగ్గా ఉన్నారు. వంద మంది వరసలో సరిగ్గా మధ్యలో ఉండే పిల్ల పదకొండు స్థానాలు ముందుకు జరగడం లాంటిదన్నమాట. మన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా 2022లో 3-8 ఏళ్ల పిల్లల కోసం రూపొందించిన భాగంలో సామాజిక, భావోద్వేగ, నైతిక వికాసాన్ని భాష, ఆలోచన శక్తులతో సమానంగా పెట్టింది. కాబట్టి ఇది మీ సొంత పైత్యం కాదని నిబ్బరంగా చెప్పొచ్చు.

ఒక జాగ్రత్త. దీన్ని అడ్డం పెట్టుకుని చదివించడం మానేయకండి. మూడో తరగతికొచ్చినా వాక్యం చదవలేని పిల్లకు ఎన్ని చప్పట్లు కొట్టించినా ఆత్మవిశ్వాసం రాదు. చదవడం వచ్చిన రోజున దానంతటదే వస్తుంది.

దారులు ఇవీ

ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈఎల్‌ఈడీ ప్రాథమిక తరగతులకు నేరుగా సరిపోయే కోర్సు. తెలుగు రాష్ట్రాల్లో డీఈఈసెట్ ద్వారా డైట్‌లు, ప్రైవేటు కాలేజీల్లో సీట్లు ఇస్తారు. బీఈడీ చేసి చిన్న తరగతులకు వెళ్దామనుకునేవారు ఒక విషయం గమనించాలి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రాథమిక స్థాయి పోస్టులకు బీఈడీ అర్హత కాకుండా పోయింది. డిగ్రీ, టీచర్ శిక్షణ కలిసిన నాలుగేళ్ల ఐటీఈపీ కోర్సు ఇప్పుడు ఇంకో దారి. ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్‌ను ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. 

టెట్ పేపర్-1లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, బోధన పద్ధతులవే. చాలామంది పియాజె దశలు, కోల్‌బర్గ్ దశలు బట్టీపట్టి ఆ ముప్పై గట్టెక్కిస్తారు. ఎలాగూ చదువుతున్నారు కాబట్టి పక్కింటి ఏడేళ్ల పిల్లను ఎదురుగా పెట్టుకుని చదవండి. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని పొడవాటి సన్నని గ్లాసులోకి మార్చి ఎందులో ఎక్కువున్నాయని అడిగి చూడండి. మర్చిపోవడం మీ వల్ల కాదు.

స్కూలును మీరూ ఇంటర్వ్యూ చేయండి

ప్రైవేటు ప్రాథమిక పాఠశాలల్లో జీతాలు చాలాచోట్ల తక్కువ. దాచి ప్రయోజనం లేదు. అందుకే చేరేముందు నాలుగు సంగతులు అడగండి. తరగతికి ఎంతమంది పిల్లలు? ప్రాథమిక స్థాయిలో చట్టం చెప్పేది 30 మందికి ఒక టీచర్. నియామక పత్రం ఇస్తారా, జీతం ఎన్ని నెలలకు, వేసవి సెలవులకు ఇస్తారా? పీఎఫ్ ఉందా? 20 మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థకు అది వర్తిస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమంటే మాత్రం మర్యాదగా లేచి వచ్చేయండి. మధ్యలో మానేస్తారేమోనని కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసుకునే బడి, పిల్లలకు నమ్మకం గురించి ఏం నేర్పుతుంది?

అడగకుండా చూసుకోవాల్సినవీ ఉన్నాయి. డెమోకు అరగంట ముందే వెళ్లి వరండాలో కూర్చోండి. ఆఫీసు బయట ఎవరైనా పిల్లలు నిలబడి ఉన్నారా? ప్రిన్సిపల్ నడిచి వస్తుంటే పిల్లలు పలకరిస్తున్నారా, గోడకు అతుక్కుపోతున్నారా? గోడల మీద అతికించినవి పిల్లలు వేసిన బొమ్మలేనా, ఫ్లెక్సీ షాపులో కొట్టించినవా? ఆయాను టీచర్లు ఏమని పిలుస్తున్నారు? డెమో మధ్యలో ఒక పిల్లాడు తప్పు జవాబు చెబితే, మీరేం చేస్తారోనని వెనక కూర్చున్నవాళ్లు చూస్తారు. మీరు కూడా అదే క్షణంలో వాళ్ల ముఖాలు చూడండి.

అన్నట్టు, తోమోయేను మరీ ఆకాశానికెత్తాల్సిన పనీ లేదు. యాభై మంది పిల్లల బడి, కొత్తరకం చదువును నమ్మిన తల్లిదండ్రులు, ఇరవై నాలుగు గంటలూ బడే లోకమైన ఒక ప్రధానోపాధ్యాయుడు ఉంటే చేయగలిగినవి, ఒక్కో తరగతిలో నలభై మందిని కుక్కిన అపార్ట్‌మెంట్ స్కూల్లో అన్నీ చేయలేం. అది నడిచింది కూడా ఎనిమిదేళ్లే. 1945లో అమెరికా బీ-29 విమానాల బాంబుదాడిలో రైలు బోగీలతో సహా కాలిపోయింది. మంటల్ని చూస్తూ నిలబడ్డ కొబయాషి, పక్కనున్న కొడుకును ఈసారి ఎలాంటి బడి కడదామని అడిగారట. అలాంటి ప్రాథమిక పాఠశాలను ఆయన మళ్లీ కట్టలేకపోయారు. 1963లో చనిపోయారు.

చిన్నప్పుడు తొత్తోచాన్ ఆయనకొక మాట ఇచ్చింది, పెద్దయ్యాక ఇదే బడిలో టీచర్‌గా చేరతానని. ఆయన చాలా సంతోషించి, తప్పకుండా రావాలని మాట తీసుకున్నారు. ఆమె పెద్దదయ్యేసరికి చేరడానికి ఆ బడి లేదు.